ఒడ్డు లేని సినిమాలు

మా శాలిబండ నుంచి నాలుగడుగులు వేస్తే గాజీబండ వస్తుంది. చిన్నప్పటినుంచీ ఆ పేరు రిక్షావాళ్ళ నోటా, ఆటోవాళ్ళ నోటా విని విని, అదేదో బండరాయి పేరే కాబోలు అనుకునేదాన్ని. గాజీ అంటే యుద్ధానికి పోయి గెలిచి వచ్చిన వీరుడని మా పక్కింటి ఖాలా చెప్పేదాకా నాకు తెలీదు. "పోతే షహీద్, బతికొస్తే గాజీ" అని ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. అంచేత 2017 ఫిబ్రవరిలో 'ఘాజీ' అని తెలుగు సినిమా వచ్చి, అది ఒక పాకిస్తాన్ జలాంతర్గామి పేరనీ, అది 1971లో మన విశాఖపట్నం దగ్గర 93 మందితో సహా మునిగిపోయిందనీ విన్నప్పుడు నాకు మొట్టమొదట తోచింది ఇదే - పేరు పెట్టినవాళ్ళు ఒకటి తలిస్తే సముద్రం ఇంకొకటి తలిచింది పాపం!

నేను సినిమా విమర్శకురాలిని కాను. నవలలు రాసుకునేదాన్ని. పైగా సముద్రం లేని ఊళ్ళో పుట్టి పెరిగాను. మాకు సాగర్ అంటే హుస్సేన్ సాగర్, నీళ్ళంటే నల్లా, వరదంటే మూసీ. అయినా ఈ జలాంతర్గామి సినిమాలంటే నాకు ఎందుకో చెప్పలేనంత ఇష్టం. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. "లిఫ్టు ఎక్కాలంటే భయం, నీళ్ళకింద ఇనప డబ్బాలో మనుషుల్ని మాత్రం కళ్ళప్పగించి చూస్తావు" అని. నిజమే. ఎందుకు చూస్తానో ఈమధ్య దాకా నాకూ తెలీదు.

ఒకసారి పెద్దమ్మగారింటికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు బీచిలో పెట్టిన కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూశాను. మీలో చాలామంది చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో రామకృష్ణా బీచి ఇసకలో మ్యూజియమై కూచుంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. బయటనుంచి చూస్తే ఎంతో పెద్దది. లోపలికి దిగితే ఇద్దరు మనుషులు ఎదురుపడి తప్పుకోవాలంటే ఒకరు గోడకి అంటుకుపోవాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళడానికి గుండ్రటి తలుపు. కాలెత్తి, తల వంచి, నడుం మడిచి దూరాలి. టార్పెడోల పక్కనే పడకలు. డెబ్భైమంది పైగా మనుషులకి నెలల తరబడి వండిపెట్టిన వంటిల్లు చూసి నేను అక్కడే నిలబడిపోయాను. మా ఇంట్లో దేవుడి గూడు అంతకంటే విశాలంగా ఉంటుంది. వెనకాల ఉన్నవాళ్ళు "కదలండమ్మా" అంటే గాని కదల్లేదు. స్నానానికి నీళ్ళుండవట. గాలి కొలిచి వాడుకోవాలట. నీళ్ళకింద ఉన్నంతసేపూ బ్యాటరీలమీద నడవాలి, అవి అయిపోతే పైకి తేలి డీజిలింజన్లు వేసి చార్జి చేసుకోవాలి. ఆ చార్జింగు సమయంలో హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది ఎక్కువైతే నిప్పురవ్వ చాలు.

'ఘాజీ' తీసిన సంకల్ప్ రెడ్డి కూడా ఈ కురుసురని చూసినప్పుడే ఆ కథ తన బుర్రలో పడిందని చెప్పాడు. నేను వంటింటి దగ్గర ఆగిపోయాను, ఆయన టార్పెడోల దగ్గర ఆగినట్టున్నాడు. తేడా అంతా అక్కడే ఉందేమో!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. సినిమా బాగుంది. నేను ఆర్టీసీ క్రాస్ రోడ్స్ లో ఒక హాల్లో చూశాను. తెలుగు సినిమా అంటే హీరో ఇంట్రడక్షనూ, ఆరు పాటలూ, స్విట్జర్లాండూ అనుకునేవాళ్ళం కదా, ఇందులో ఒక్క డాన్సు లేదు. గాలిలో ఎగిరే ఫైటు లేదు. మూడొంతుల సినిమా ఎర్రదీపాల వెలుతుర్లో, చెమటలు కారే ముఖాలమీద నడుస్తుంది. ఎస్-21 అనే మన జలాంతర్గామికి కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్, కోపిష్టి. పైనుంచి హుకుం వచ్చేదాకా ఆగే ఓపిక లేనివాడు. ఆయన్ని అదుపులో పెట్టడానికి పంపిన అర్జున్ వర్మ, రూలు పుస్తకంలో ఉన్నది తప్ప ఇంకోటి చెయ్యనివాడు. ఇద్దరి మధ్యా నలిగిపోయే దేవరాజ్. కే కే మీనన్, రానా, అతుల్ కులకర్ణి. రెండు గదుల వాటాలో ఉమ్మడి కాపరం చేసినవాళ్ళకి ఈ ముగ్గుర్నీ పరిచయం చెయ్యక్కర్లేదు. పెద్దవాడు కేకలేస్తాడు, చిన్నవాడు న్యాయం మాట్లాడతాడు, నడిపివాడు ఇద్దరికీ సర్దిచెప్తూ భోజనం చల్లారబెట్టుకుంటాడు. అలిగి బయటికి పోదామంటే బయటంతా సముద్రం! ఇలాంటి సినిమాల ప్రాణం టార్పెడోల్లో లేదు, ఇక్కడ ఉంది. మీనన్ కళ్ళతోనే ఆర్డర్లు వేస్తాడు. ఆర్డరు వెయ్యగానే కిందివాడు అదే మాట తిరిగి చెప్పడం, అవతలివాడు మళ్ళీ చెప్పడం - ఆ మంత్రంలాంటి వరసకే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ ఏటి తెలుగు సినిమాల్లో ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ బహుమతి ఇచ్చారంటే న్యాయంగానే ఇచ్చారు.

అనన్య అని ఒక అమ్మాయి ఉంది. తాప్సీ వేసింది. తూర్పు పాకిస్తాన్ నుంచి పారిపోయి వస్తూ, ఎక్కిన ఓడ మునిగిపోతే, ఒక చిన్నపిల్లతో సహా ఎస్-21 వాళ్ళ చేతికి దొరుకుతుంది. 1971 యుద్ధం ఎవరికోసం జరిగిందయ్యా అంటే ఈ అమ్మాయిలాంటి వాళ్ళకోసం. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, ఏ దేశపు మగవాళ్ళో తెలియని మగవాళ్ళ మధ్య, నీళ్ళ అడుగున కూచున్న ఆడది. నవలారచయిత్రికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి! ఆ పిల్ల నోట్లోంచి ఏదో ఒక మాట వస్తుందని సినిమా అంతా ఎదురుచూశాను. బెదురు కళ్ళతో చూస్తుంది, పిల్లని దగ్గరికి తీసుకుంటుంది, అంతే. పోస్టరుమీద ఒక ఆడమొహం ఉండాలి కాబట్టి ఉంచారేమో అని అనుమానం. అలా అంటే ఎక్కువైందంటారా? కాలేదు.

ఇక్కడ నాకు నా సంగతే ఒకటి గుర్తొచ్చి కాస్త తగ్గాను. నా నవలల గురించి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు - "మీ కథల్లో మగవాళ్ళు పొద్దున్న టిఫిను బాక్సు పట్టుకుని వెళ్ళిపోతారు, సాయంత్రం చిరాగ్గా వస్తారు, మధ్యలో ఎనిమిది గంటలు వాళ్ళు ఏమైపోతారో మీకు పట్టదా అమ్మా?" అని. నాకు కోపం వచ్చింది గాని, అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మరి సంకల్ప్ రెడ్డి ఆడవాళ్ళని అలా చూశాడని నేను నోరుచేసుకోవడం ఎంతవరకు న్యాయం? అప్పటి జలాంతర్గామిలో ఆడవాళ్ళు ఉండేవాళ్ళు కారు, నిజమే. కాని ఆ లోపలివాళ్ళందరికీ ఒక ఒడ్డు ఉంటుంది. ఒడ్డున ఎవరో ఉంటారు. నా తగువల్లా ఆ ఒడ్డు గురించే.

మా పెద్దమ్మ ఆ ఒడ్డుమీదే ఉంది. 1971 డిసెంబరులో ఆవిడ కొత్తకోడలు. విశాఖలో కిటికీ అద్దాలకి నల్లకాగితాలు అంటించి, దీపం చుట్టూ గుడ్డ కట్టి, పిల్లల్ని నోరెత్తనివ్వకుండా కూచునేవాళ్ళట. డిసెంబరు మూడో తారీఖు రాత్రి అందరూ రేడియో ముందు ఉన్నారు. ఇందిరాగాంధీ మాట్లాడుతుందని. అర్ధరాత్రి దాటాక సముద్రంవైపు నుంచి పెద్ద చప్పుడు. కిటికీలు గలగలలాడాయి. భూకంపం అనుకుని వాళ్ళత్తగారు బియ్యం డబ్బా పట్టుకుని వీధిలోకి పరిగెత్తిందట. "దేవుడి పటం కాదే, బియ్యం డబ్బా!" అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. తెల్లారాక జాలరులకి నీళ్ళమీద లైఫ్ జాకెట్టు లాంటివి దొరికాయని ఊళ్ళో గుప్పుమంది. ఆ చప్పుడులో 93 మంది పోయారని వాళ్ళకి ఆ రాత్రి తెలీదు.

ఇంతకీ ఘాజీ ఎలా మునిగింది? ఇదీ అసలు చిక్కు. అమెరికావాళ్ళు రెండో ప్రపంచయుద్ధం చివర్లో కట్టుకున్న డయాబ్లో అనే జలాంతర్గామి అది. 1964లో పాకిస్తాన్‌కి ఇచ్చారు. పాకిస్తాన్ దానికి ఘాజీ అని పేరు మార్చింది. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. కమాండర్ జాఫర్ మహమ్మద్ ఖాన్. పని ఒక్కటే, మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడం. విక్రాంత్ అప్పటికి బాయిలరు పగులుబట్టి పూర్తి వేగంతో పోలేని స్థితిలో ఉంది. దాన్ని అండమాన్లవైపు దాచేసి, రాజ్‌పుత్ అనే ముసలి యుద్ధనౌకని విశాఖ దగ్గర తిప్పారు, అదే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్‌లో మాట్లాడిస్తూ. ఆ రాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతూ నీళ్ళలో అలజడి చూసి డెప్త్ చార్జీలు రెండు వదిలింది. కాసేపటికి పేలుడు. మనవాళ్ళు, మా దెబ్బకే మునిగింది అంటారు. వాళ్ళు, మా మందుపాతరే పొరపాట్న మాకు తగిలింది అంటారు. లోపల హైడ్రోజన్ పేలి ఉంటుందనే వాదం ఒకటి. ఆ రాత్రికి సంబంధించిన ఫైళ్ళే నౌకాదళం దగ్గర లేకుండా పోయాయని 2010లో పేపర్లలో వచ్చింది. 2024లో మన నౌకాదళం కొత్త సాధనాలతో ఆ శిథిలాన్ని మళ్ళీ గుర్తించింది. పోయినవాళ్ళమీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు.

సినిమావాళ్ళు ఈ మూడు వాదాల్లో ఏదీ తీసుకోలేదు. ఎవరికీ తెలియని ఎస్-21 రహస్య ప్రయాణం ఒకటి అల్లి, దాని టార్పెడోతో ఘాజీని ముంచారు. కల్పన అని మొదట్లోనే చెప్పుకున్నారు కాబట్టి అబద్ధమాడారని నేను అనను. కథలు అల్లి బతికేదాన్ని, ఆ మాట అనే హక్కు నాకు లేదు. నా ఫిర్యాదు వేరు. అల్లిన కథకంటే అసలు కథ గొప్పగా ఉన్నప్పుడు అల్లడం ఎందుకని.

అప్పుడు విశాఖలో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన పన్నిన మాయ సంగతి వినండి. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువు గూఢచారులు నమ్మాలి. ఎలా? ఆయన కంట్రాక్టర్లని పిలిచి, మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున కావాలని ఆర్డరిచ్చాడు. అంత పెద్ద ఓడలో అంతమంది తినాలి కదా! బజారులో కబురు పాకుతుంది, గూఢచారి చెవిన పడుతుంది. ఒక యుద్ధనౌక ఉందని కూరగాయల లెక్కతో నమ్మించిన మనిషి! ఇంటికి చుట్టాలొచ్చారో లేదో పక్కింటావిడ మన కూరలబుట్ట చూసి కనిపెట్టేస్తుందని మనకి తెలుసు. అడ్మిరల్‌గారికీ తెలుసు.

రెండోది ఇంకా చిత్రం. విక్రాంత్‌లో పనిచేసే నావికుడు పంపినట్టుగా ఒక మామూలు తంతి, రహస్య సంకేతాలేమీ లేకుండా, వైర్‌లెస్‌లో పంపించారు. అమ్మకి జబ్బుగా ఉందని తెలిసింది, ఎలా ఉందో చెప్పండి అని అందులో సంగతి. యుద్ధసమయంలో అలా పంపడం పెద్ద తప్పు. ఎవడో కుర్రవాడు తల్లిమీద బెంగతో రూలు మీరాడు అని శత్రువు అనుకోవాలి. విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మాలి.

ఈ తంతి గురించి చదివిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. లేని తల్లి, లేని జబ్బు. దాన్ని నమ్మడానికి అవతల కూడా తల్లి ఉన్నవాళ్ళే ఉండాలి కదా! ఆ ఘాజీలో వైర్‌లెస్ దగ్గర కూచున్న కుర్రవాడు నిజంగా ఆ తంతి విన్నాడో లేదో నేనేం చెప్పగలను? కాని సినిమా తీసేవాడికి ఇంతకంటే మంచి సీను ఎక్కడ దొరుకుతుంది? ఇది వదిలేసి జాతీయగీతం సీను పెట్టారు.

ఆ సీను సంగతి చెప్పి తీరాలి. దెబ్బతిన్న ఎస్-21 ముందుకీ వెనక్కీ కదల్లేదు, పైకీ కిందికీ మాత్రమే పోగలదు. శత్రువుని రెచ్చగొట్టి దగ్గరికి రప్పించాలి. అందుకని మనవాళ్ళంతా జనగణమన ఎత్తుకుంటారు. అవతల పాకిస్తాన్ కెప్టెన్ మండిపడతాడు. 2017 మొదట్లో సినిమాకి ముందు హాల్లో జాతీయగీతం వెయ్యాలని కోర్టు ఆజ్ఞ ఉండేది, గుర్తుందా? మొదట అందరం లేచి నిలబడ్డాం. కథలో మళ్ళీ పాడేసరికి సగం హాలు మళ్ళీ లేచింది. కథలో భాగంగా వస్తే లేవక్కర్లేదని సుప్రీంకోర్టు ఆ సినిమా విడుదలకి మూడు రోజుల ముందే చెప్పిందట, మాకెవరికీ తెలీదు. నా పక్కన మోకాళ్ళ నొప్పుల ముసలావిడ "మళ్ళీనా!" అంటూ లేచింది. నేనూ లేచాను. చప్పట్లు కొట్టాను కూడా. నాకేం దేశభక్తి తక్కువ కాదు. బయటికొచ్చి ఆటోలో మూసీ వంతెన దాటుతుంటే మాత్రం మనసు ఎక్కడో గుచ్చుకుంది. ఒక పాటని గాలంగా వాడారు. గాలానికి తగులుకున్నవాడు మూర్ఖుడు, కోపిష్టి, పళ్ళు కొరికేవాడు. మన కెప్టెనూ కోపిష్టే. ఆయన కోపం వెనక పోయిన కొడుకు ఉన్నాడు. అవతలి కెప్టెన్ కోపం వెనక ఏముందో సినిమా అడగలేదు. మనం కోపిష్టి అంటే దుఃఖం, వాళ్ళు కోపిష్టి అంటే పొగరు!

ఈ విషయంలో జర్మనులు మనకంటే ఎక్కువ ధైర్యం చేశారు. 1981లో వుల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 'దాస్ బోట్' తీశాడు. హిట్లరు కాలపు జలాంతర్గామి కథ. యుద్ధంలో తాము విలన్లమని తెలిసిన జాతి తీసుకున్న సినిమా. మొదట్లోనే లెక్క చెప్పేస్తారు, జలాంతర్గాముల్లో వెళ్ళిన 40 వేల మందిలో 30 వేల మంది తిరిగి రాలేదని. ఇంక సస్పెన్సు ఏముంటుంది అంటారా? అదే నేనూ అనుకున్నాను. గడ్డాలు పెరిగి, బూజుపట్టిన రొట్టె గీక్కుని తినే ఆ కుర్రవాళ్ళని చూస్తుంటే, వీళ్ళు శత్రువులని మర్చిపోయి, ఆ నట్లు ఊడకూడదని మొక్కుకున్నాను. మా ఆయన పక్కనుంచి "ఎవరికోసం మొక్కుతున్నావో చూసుకో" అన్నారు. చూసుకున్నాక కూడా మొక్కాను.

2002లో వచ్చిన 'కె-19' మీకు తప్పక చెప్పాలి. తీసింది ఆడమనిషి, కేథరిన్ బిగెలో. తర్వాత వేరే సినిమాకి ఆస్కార్‌లో ఉత్తమ దర్శకత్వపు బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆవిడే. 1961 జులైలో రష్యావాళ్ళ అణు జలాంతర్గామి కె-19లో రియాక్టరు చల్లబరిచే గొట్టం పాడైంది. లోపలికి వెళ్ళి బాగుచెయ్యాలి. రేడియేషన్‌కి పనికొచ్చే దుస్తులు లేవు. వానకోటుల్లాంటివి తొడుక్కుని వంతులేసుకుని వెళ్ళారు. మూడు వారాల్లో ఎనిమిదిమంది పోయారు. సినిమాలో ఆ వంతుల సీను నేను రెండోసారి చూడలేను. మొదటి జత బయటికొచ్చి కక్కుకుంటుంటే, రెండో జత అది చూస్తూ కోట్లు తొడుక్కుంటారు. అంతా బాగుంది గాని, ఆడమనిషి తీసిన సినిమాలోనూ ఆడవాళ్ళు రేవులో వీడ్కోలు చెప్పడానికే. ఆవిణ్ణి ఎదురుగా కూచోబెట్టుకుని అడగాలనుంది - "మీరు కూడానా?" అని.

ఒడ్డుని చూపించింది 2018లో వచ్చిన 'కుర్స్క్'. 2000 ఆగస్టు 12న రష్యా జలాంతర్గామి కుర్స్క్ లో టార్పెడో పేలి 118 మంది పోయారు. వాళ్ళలో 23 మంది వెనకగదిలో కొన్ని గంటలు బతికి ఉన్నారు. కొలెస్నికోవ్ అనే యువ అధికారి ఆ చీకట్లో పేర్ల జాబితా రాశాడు, భార్యకి ఉత్తరం రాశాడు. పైన ప్రభుత్వం విదేశీ సాయం తీసుకోవడమా వద్దా అని రోజులు గడిపింది. అధికారులు ఇళ్ళవాళ్ళతో మీటింగు పెట్టినప్పుడు ఒక తల్లి లేచి నిలదీస్తే, వెనకనుంచి సూది పొడిచి మత్తులోకి దించి మోసుకుపోయారు. అది సినిమా కాదు, నిజంగా జరిగింది. టీవీలో ప్రపంచమంతా చూసింది. సినిమా తీసింది థామస్ వింటర్‌బర్గ్ అనే డెన్మార్కు ఆయన. జలాంతర్గామి సినిమాగా చూస్తే 'దాస్ బోట్' ముందు దిగదుడుపే. లోపలి దృశ్యాలు కొన్ని సాగదీశాడు. కాని భార్యలంతా ఒక ఇంట్లో చేరి, ఎవరికి ఏం తెలిసిందో కలబోసుకునే దృశ్యాలున్నాయే, ఇలాంటి సినిమాల్లో నేను అంతకుముందు చూడలేదు. చివర్లో ఒక చిన్నపిల్లవాడు, అడ్మిరల్ చెయ్యి చాస్తే, చెయ్యి ఇవ్వడు. అంతే. ఒక్క టార్పెడో పేలలేదు, నాకు మాత్రం గుండె ఆగింది.

క్రిందటి నెలలో మా ఇంట్లో టీవీలో 'ఘాజీ' మళ్ళీ వేసుకున్నాను, ఈ వ్యాసం కోసమే. ఖాలా వచ్చి కూచుంది. ఆవిడకి డెబ్భై దాటాయి. ఆవిడ అక్క పెళ్ళి చేసుకుని కరాచీ వెళ్ళిపోయింది. మా పాతబస్తీలో ఇలాంటి ఇళ్ళు బోలెడు. ఉత్తరాలు కొన్నాళ్ళు వస్తాయి, కొన్నాళ్ళు ఆగుతాయి, యుద్ధమొస్తే పూర్తిగా బంద్. 1971లో చాలాకాలం అక్క కబురే తెలియలేదట.

సినిమా నడుస్తున్నంతసేపూ ఖాలా మనవాళ్ళ పక్షమే. ఎస్-21లోకి నీళ్ళు వస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది. 2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా అవతల వాళ్ళ చెల్లెలి ఇంట్లో తలుపు కిందనుంచి మొదలై నడుములోతు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు లోపలికి రావడమంటే ఏమిటో ఆవిడకి సినిమా చెప్పక్కర్లేదు. "యా అల్లా, ఆ పోరగాండ్లు బయటపడాలె" అంటూనే ఉంది. చివరికి ఘాజీ పేలిపోయింది. మనవాళ్ళు కావలించుకున్నారు. ఖాలా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత అడిగింది:

"అందుల ఎంతమంది ఉండె బిడ్డా?"

"93 మంది ఖాలా. నిజంగా."

"వాళ్ళ అమ్మలకు ఎప్పుడు తెలిసింది?"

నా దగ్గర దానికి జవాబుంది. ఘాజీ కరాచీకి కబురు పంపాల్సిన రోజు వచ్చింది, పోయింది, కబురు లేదు. డిసెంబరు మూడు రాత్రి మునిగితే, మన నౌకాదళం ఆ సంగతి ప్రకటించింది తొమ్మిదో తారీఖున. అది వినే వాళ్ళ నౌకాదళానికి మొదటిసారి సంగతి తెలిసింది. అంటే ఆరు రోజులు ఆ ఇళ్ళల్లో వాళ్ళు బతికే ఉన్నారు. ఆ తొమ్మిదో తారీఖు రాత్రే డయ్యూ దగ్గర మన ఖుక్రీ అనే యుద్ధనౌకని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తప్పించుకునే వీలున్నా ఓడతోనే ఉండిపోయాడు. ఒకరోజు వాళ్ళ ఇళ్ళల్లో ఏడుపులు, ఆ మర్నాడు మన ఇళ్ళల్లో.

ఖుక్రీ మీద ఇంత పెద్ద సినిమా ఏదీ నా కంటపడలేదు. తెలుగులో అసలు లేదు. గెలిచిన కథకి, అదీ ఎలా గెలిచామో రూఢిగా తెలియని కథకి, కోట్లు పెట్టి సెట్టు వేశాం. పోగొట్టుకున్న కథ, పేర్లతో సహా, తారీఖుతో సహా అంతా తెలిసిన కథ, అలాగే నీళ్ళలో ఉండిపోయింది. సంకల్ప్ రెడ్డికి మళ్ళీ నీళ్ళలోకి దిగే ఓపికుంటే దీన్ని తియ్యమని అడుగుతాను. సగం సినిమా ఒడ్డుమీద పెట్టమని కూడా అడుగుతాను. ఆ సగం రాసిపెట్టడానికి డబ్బులేమీ తీసుకోను.

ఖాలాకి కూరగాయల సంగతి చెప్తే పకపకా నవ్వింది. తంతి సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"ఆ తల్లి నిజంగ ఉన్నదా?"

"లేదు ఖాలా, అంతా ఉత్తుత్తిదే."

"అయితే మంచిదే" అంది. "ఒక తల్లికన్న జబ్బు లేనట్టు."

తర్వాత కురుసుర ఫొటోలు చూపించమంది. ఈవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. కొడుకు ఎప్పటికప్పుడు తీసుకెళ్తా తీసుకెళ్తా అంటాడు. సంక్రాంతి తర్వాత మా పెద్దమ్మగారింటికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం, మీరూ రండి అన్నాను. ఫొటోలో ఆ గుండ్రటి తలుపుని వేలితో అటూ ఇటూ పెద్దది చేసి చాలాసేపు చూసింది. "నా మోకాళ్ళతోటి ఇండ్లకెల్లి దూరొస్తదా?" అని అడిగింది. నేను వెనకనుంచి పట్టుకుంటానన్నాను.